పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు: పికప్ గురించి, మనసుపడటం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎంజీ అనగానే హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న మనవాళ్ళకు 2019లో మన దేశానికి వచ్చిన హెక్టర్ కారు గుర్తుకు వస్తుంది. నేను పని చేసే ఎంజీలు వేరు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 అక్టోబరు దాకా తయారైన ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లను బాగుచేయడం నా వృత్తి. నేను పానా పట్టడం నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మామయ్య షెడ్డులో. ఇప్పుడు ఇంగ్లండులో పని చేసే షెడ్డు ఫొటో ఇంటికి పంపిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగే మొదటి ప్రశ్న "పికప్ ఎంత?" అనే. జవాబు విన్నాక వచ్చే రెండో ప్రశ్న "మరి అంత డబ్బు పోసి దాన్ని ఎందుకు కొంటారు?" అని. ఈ రెండు ప్రశ్నల మధ్యే చాలా అపోహలు ఉన్నాయి.

అపోహ: స్పోర్ట్స్ కారు కాబట్టి, పాతదైనా ఇప్పటి మామూలు కార్లను దాటిపోతుంది.

వాస్తవం: దాటిపోదు. ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ ఇంజిన్; మొదటి నమూనాలలో దాని శక్తి 95 హార్స్‌పవర్. నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్ళు, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దాదాపు 12 సెకన్లు తీసుకుంటుంది. గరిష్ఠ వేగం 165 కిలోమీటర్ల ప్రాంతంలో ఆగిపోతుంది. అదే ఎంజీ ముద్రతో ఇప్పుడు ఇంగ్లండు రోడ్ల మీద తిరుగుతున్న ఎంజీ4 విద్యుత్ కారు పెద్ద బ్యాటరీ నమూనాకు ఆ వేగం ఎనిమిది సెకన్ల లోపే వస్తుంది, పైగా అందులో నలుగురు కూర్చుని, సామాను కూడా వేసుకోవచ్చు. సిగ్నల్ దగ్గర పందెం వేసుకునే ఉద్దేశం ఉన్నవారు ఈ కారు జోలికి రాకపోవడమే మేలు.

అపోహ: దీనికోసం ప్రత్యేకంగా రూపొందించిన అపురూపమైన ఇంజిన్ ఇందులో ఉంటుంది.

వాస్తవం: ఈ ఇంజిన్‌కు మన అంబాసిడర్ దగ్గరి చుట్టం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ తయారుచేసిన బి-సిరీస్ ఇంజిన్ కుటుంబంలో 1489 సీసీ రకం మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచింది. అదే 1489 సీసీ రకాన్ని, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్లు రెండు పెట్టి, 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో వేశారు. దాన్నే పెంచుతూ పోయి ఎంజీబీ నాటికి 1798 సీసీకి తెచ్చారు. అంబాసిడర్‌లో 50 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉన్నది ఎంజీఏలో 70 దాకా వెళ్ళడానికి కారణం మంత్రం కాదు, కార్బొరేటర్లు, వాల్వ్‌లను తెరిపించే క్యామ్‌షాఫ్ట్, సిలిండర్‌లో గాలి-పెట్రోలు మిశ్రమం ఎంతగా నొక్కుకుంటుందో చెప్పే కుదింపు నిష్పత్తి వంటి వాటిలో మార్పులు. ఇక్కడ నేను మొదటిసారి ఎంజీబీ వాల్వ్ కవర్ విప్పినప్పుడు వాల్వ్‌లను నొక్కే రాకర్ల వరుస చూసి కొత్తచోట పాత స్నేహితుడు కనబడినట్టు అనిపించింది. ఆ సాయంత్రం మామయ్యకు వీడియో కాల్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపించాను. కారు అందం గురించి ఆయన ఒక్క మాట అనలేదు. "టాపెట్ ఒకటి మోగుతోంది, చూసుకో" అన్నారు. మర్నాడు సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మూడో సిలిండర్ దగ్గర రాకర్‌కూ వాల్వ్‌కూ మధ్య అంగుళంలో వెయ్యింట 15 వంతులు ఉండవలసిన సందు 18 దాకా వచ్చి ఉంది.

అపోహ: ఆకర్షణ అంతా పాత జ్ఞాపకాల వల్ల వచ్చేదే; యంత్రంలో ఏమీ లేదు.

వాస్తవం: నా అభిప్రాయంలో అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే, దీన్ని నమ్మేవారిలో నా తోటి మెకానిక్‌లు కూడా ఉన్నారు. పనితీరును ఒక పళ్ళెంలో, అనుభూతిని మరో పళ్ళెంలో పెట్టి తూచడం అలవాటైపోయింది గానీ, షెడ్డులో నిలబడి చూస్తే అనుభూతి అనేది కూడా యంత్రం పనితీరులోంచే పుడుతుంది. స్టాప్‌వాచ్ కొలిచే పనితీరు వేరు, చేతులకూ చెవులకూ నడుముకూ అందే పనితీరు వేరు, అంతే తేడా.

ఈ కారు బరువు 920 కిలోల ప్రాంతం. సీటు నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, తలుపు మీదుగా చేయి కిందికి చాపితే రోడ్డు అందుతుందేమో అనిపిస్తుంది; అంత కిందికి కూర్చున్న మనిషికి 60 కిలోమీటర్ల వేగం 100లా తోస్తుంది. స్టీరింగ్‌కు పవర్ సాయం లేదు. ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు చుట్లు కూడా తిరగకుండానే చక్రాలు పూర్తిగా మళ్ళుతాయి గనుక రోడ్డు మీద గులకరాళ్ళు మొదలైతే ఆ సంగతి కంటికన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. గేర్ లివర్ గేర్‌బాక్స్ నెత్తిమీదే నిలబడి ఉంటుంది కాబట్టి గేర్ పడటం చేతిలో టక్కుమని వినబడుతుంది. ఇంగ్లండు పల్లె రోడ్ల మీద సాధారణంగా అనుమతించిన గరిష్ఠ వేగం 60 మైళ్ళు. ఇప్పటి శక్తిమంతమైన కారుకు ఆ వేగం నిద్రమత్తు, ఎంజీబీకి మాత్రం మలుపు మలుపునా గేరు మార్చి చేయవలసిన పని. చట్టం దాటకుండానే కారు మొత్తాన్ని వాడుకోగలగడమే ఇందులోని సుఖం.

ఇక కార్బొరేటర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎంజీబీకి ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు రెండు. ఒక్కొక్క దానిలో ఒక పిస్టన్ గాలి పీడనాన్ని బట్టి పైకి లేస్తూ, దానికి వేలాడే సన్నని సూది ద్వారా పెట్రోలును కొలిచి వదులుతుంది. రెండూ సమానంగా గాలి పీల్చాలి. అది చూడటానికి ఇప్పుడు గేజీలు ఉన్నాయి గానీ, నేను ఇప్పటికీ మొదట ఒక రబ్బరు గొట్టం చెవికి పెట్టుకుని, రెండో చివరను ఒక కార్బొరేటర్ నోటి దగ్గర, తర్వాత రెండో దాని దగ్గర పట్టుకుని ఆ బుసను పోల్చి వింటాను. ఆ తర్వాత పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ, వెంట్రుకవాసి పైకి లేపి చూడాలి: ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, వెంటనే పడిపోతే తక్కువైనట్టు, ఒక్క క్షణం కొంచెం పెరిగి మళ్ళీ మామూలుకు వస్తే సరిపోయినట్టు. ఈ సర్దుబాటు తప్పిన కారుకు స్టాప్‌వాచ్ మీద ఒక సెకను తేడా కూడా రాకపోవచ్చు. కానీ యాక్సిలరేటర్ మీద కాలు పెట్టిన క్షణానికీ ఇంజిన్ బదులు పలికే క్షణానికీ మధ్య చిన్న తడబాటు వస్తుంది, యజమాని "కారు మునుపటిలా లేదు" అంటాడు. ఎందుకో చెప్పలేడు. ఆ చెప్పలేని దాన్నే లోకం భావోద్వేగం అంటోంది. నాకు మాత్రం అది పావు చుట్టు తిప్పవలసిన నట్టు.

ఈ అనుభూతిని లెక్క వేసి తయారు చేయవచ్చు అనడానికి సాక్ష్యం జపాన్‌లో ఉంది. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మాజ్దా కంపెనీ ఎంఎక్స్-5ను ఆవిష్కరించింది: 1.6 లీటర్ల ఇంజిన్, వెయ్యి కిలోల లోపు బరువు, వెనక చక్రాలకు శక్తి. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల స్వభావాన్ని నమ్మకమైన యంత్రంలో పెట్టాలన్నది వాళ్ళ సంకల్పం. ఎగ్జాస్ట్ శబ్దం ఎలా ఉండాలో కూడా కూర్చుని సరిచేశారు. గుర్రమూ రౌతూ ఒక్కటైపోవాలనే అర్థం వచ్చే "జిన్బా ఇట్టై" అనే మాటను వాళ్ళు సూత్రంగా పెట్టుకున్నారు. (రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందనే మన సామెత ఎంజీబీకి కూడా వర్తిస్తుంది.) ఎంఎక్స్-5 పది లక్షల కార్ల మైలురాయిని 2016లో దాటింది.

అపోహ: ఇంజిన్ పెద్దదైతే ఆనందమూ పెరుగుతుంది.

వాస్తవం: ఈ ప్రయోగం కంపెనీయే చేసి చూసింది. 1967లో అదే శరీరంలో 2912 సీసీ ఆరు సిలిండర్ల ఇనుప ఇంజిన్ పెట్టి ఎంజీసీ అని పేరు పెట్టారు. శక్తి 145 హార్స్‌పవర్ దాకా వచ్చింది; దానితో పాటు ముక్కు మీద 90 కిలోలకు పైగా బరువు కూడా వచ్చింది. మలుపులో స్టీరింగ్ తిప్పితే కారు కాసేపు ఆలోచించుకుని తిరిగేది. పత్రికలు ఏకిపారేశాయి, 1969లో ఆపేసేనాటికి తయారైనవి తొమ్మిది వేల ప్రాంతమే. నాలుగేళ్ళ తర్వాత, 1973లో, రోవర్ కంపెనీ 3528 సీసీ వి8 ఇంజిన్‌ను పెట్టారు. అది అల్యూమినియం ఇంజిన్. బరువు ఇంచుమించు పాత నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజిన్ అంతే, శక్తి 137 హార్స్‌పవర్. ఎంజీసీ కన్నా కాగితం మీద శక్తి తక్కువ, రోడ్డు మీద వేగం ఎక్కువ, మలుపులో మర్యాద ఇంకా ఎక్కువ. కానీ అదే ఏడాది చమురు సంక్షోభం వచ్చిపడటంతో 1976 నాటికి రెండున్నర వేల పైచిలుకు కార్లతోనే అది ఆగిపోయింది. మొత్తం 5 లక్షల 20 వేలకు పైగా తయారైన ఈ కుటుంబంలో జనం ఎక్కువగా కొన్నదీ, ఈనాటికీ ఎక్కువగా దాచుకున్నదీ ఆ నాలుగు సిలిండర్ల కారునే.

అపోహ: వెడల్పు టైర్లు, గట్టి స్ప్రింగులు వేస్తే పాత కారు మెరుగవుతుంది.

వాస్తవం: రెండేళ్ళ క్రితం ఒక పెద్దమనిషి 1971 నాటి ఎంజీబీ తెచ్చారు. వేరే షెడ్డులో దానికి మోటారు పందేల కార్లకు వేసే రకం గట్టి స్ప్రింగులు, ఆధునిక వెడల్పు టైర్లు బిగించారు. పట్టు నిజంగానే పెరిగింది. అయితే ఈ కారు అందం టైరు పట్టు వదిలే ముందు ఇచ్చే హెచ్చరికలో ఉంది. సన్నని 155 లేదా 165 టైరు తక్కువ వేగంలోనే, మెల్లగా, చెప్పి మరీ జారుతుంది. వెడల్పు టైరు ఏమీ చెప్పదు, చెప్పే వేగానికి చేరేసరికి సర్దుకునే సమయం ఉండదు. పైగా నిలిపేటప్పుడు స్టీరింగ్ రోలు తిప్పినట్టు ఉంటుంది. మేము పాత కొలతల టైర్లు, మామూలు స్ప్రింగులు తిరిగి వేసి, లీవర్ రకం షాక్ అబ్సార్బర్లలో నూనె నింపి పంపాం. కారు నెమ్మదించింది, ఆయన వారం వారం నడపడం మొదలుపెట్టారు. ఎత్తు పెంచడమూ ఇంతే: అమెరికా నిబంధనల కోసం 1974 చివర్లో రబ్బరు బంపర్లు తగిలించి కారును పైకి లేపినప్పుడు మలుపులో పక్కకు ఒరగడం ఎక్కువైంది.

మార్పులన్నీ తప్పని నేను అనను. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, మంచి రేడియేటర్ ఫ్యాన్ వేసుకోండి. అవి మీకూ కారుకూ మధ్య అడ్డు నిలబడవు.

అపోహ: మనసుకు నచ్చి కొన్నాం కాబట్టి పనితీరు లెక్కలు అనవసరం.

వాస్తవం: బ్రేకులు, టైర్లు, పెట్రోలు గొట్టాలు ఈ మూడింటి దగ్గర సెంటిమెంటుకు తావు లేదు. బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు ఏటేటా జరిగే తనిఖీ నుంచి 2018లో మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపును కారుకు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రంగా భావించేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నల్లగా నిగనిగలాడే టైరు మీద 0904 అని చూసిన రోజులు ఉన్నాయి, అంటే 2004 తొమ్మిదో వారం సరుకు. సీసం కలిపిన పెట్రోలు పోయాక ఎగ్జాస్ట్ వాల్వ్‌లు ఆనుకునే లోహపు వలయాలు, అంటే సీట్లు, అరిగిపోతాయి కాబట్టి గట్టిపరచిన సీట్లు వేయించాలి. ఇక్కడ 2021 సెప్టెంబరు నుంచి పదో వంతు దాకా ఇథనాల్ కలిసిన ఇ10 పెట్రోలు వచ్చింది, మన దేశంలో ఇ20 దాకా వెళ్ళింది. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు మెత్తబడి చిట్లుతాయి, అదీ వేడి ఎగ్జాస్ట్‌కు జానెడు దూరంలో.

అపోహ: నడపకుండా కప్పి ఉంచితే కారు చెడదు.

వాస్తవం: నడపకపోతేనే చెడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, సిలిండర్లు లోపల తుప్పు పడతాయి, పెట్రోలు జిగురై కార్బొరేటర్‌లో పేరుకుంటుంది. ఈ కార్లలో ఉండే లూకాస్ కంపెనీ కరెంటు సామాను మీద ఇక్కడ బోలెడు జోకులు ఉన్నాయి గానీ, నేను చూసిన లోపాల్లో చాలా భాగం పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లవీ, వదులైన ఎర్త్ తీగలవీ.

మన రాష్ట్రాల్లో పాత కార్లు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలక మీద "వీఏ" అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20 వేల రూపాయల రుసుము. ఆ నమోదుతో రోజువారీ ప్రయాణాలకు గానీ వ్యాపారానికి గానీ వాడకూడదు.

అపోహ: రంగు మెరుస్తూ ఇంజిన్ బాగా పలికితే బేరం చేసుకోవచ్చు.

వాస్తవం: ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, శరీరమే ఎముక. తలుపుల కింద గడపలా పొడుగ్గా పోయే డొల్ల రేకు పెట్టెలే కారు నడుమును నిలబెడతాయి, తుప్పు మొదట పట్టేదీ వాటికే. పైన లప్పం పెట్టి రంగు కొడితే కంటికి తెలియదు. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి ఆ గడప పొడుగునా జరుపుతూ వెళ్ళండి. లప్పం ఉన్నచోట అది అంటుకోకుండా జారుతుంది. తర్వాత తలుపు మూసి, తలుపుకూ వెనక చక్రం మీది రేకుకూ మధ్య సందు ఎంతుందో చూసి, కారు ముందు భాగాన్ని జాక్ పెట్టి లేపండి. సందు మారకుండా ఉంటే మిగతా పరీక్షలకు వెళ్ళవచ్చు. పైభాగంలో సందు మూసుకుపోయి తలుపు తెరుచుకోకపోతే జాక్ దించి, అమ్మేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.