విద్యార్థి ఖర్చుల లెక్క: హనుమకొండలో నేను తరచూ వినే అపోహలు

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. దాంతోపాటు స్కాలర్‌షిప్ ఫారాల పని కూడా చాలా ఏళ్లుగా నా నెత్తిమీదే ఉంది. అందుకని ఫీజు కట్టలేదని, మెస్ బిల్లు ఆగిపోయిందని, ఎక్కడో అప్పు చేశామని చెప్పుకునే పిల్లలు ముందు నా టేబుల్ దగ్గరికే వస్తారు. పరకాల, ములుగు, నర్సంపేట, హుజూరాబాద్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చి నయీంనగర్‌లోనో గోపాలపూర్‌లోనో ఉండి చదివేవాళ్లే ఎక్కువ. వాళ్ల నోట, వాళ్ల అమ్మానాన్నల నోట తరచూ వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నాను.

అపోహ: నెలకు ఇంత అని రాసుకుంటే బడ్జెట్ కుదిరినట్టే.

యూట్యూబ్‌లో బడ్జెట్ గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా జీతగాళ్ల కోసం చెప్తారు. ఒకటో తారీఖున జీతం పడగానే మూడు వాటాలు చేయండి అంటారు. నాన్న సింగరేణిలోనో, స్కూల్లో టీచర్‌గానో ఉంటే ఆ లెక్క పనికొస్తుంది. వ్యవసాయం మీద బతికే ఇంట్లో డబ్బు నెలనెలా రాదు. పత్తి ఏరడం అక్టోబర్‌లో మొదలైనా పైసలు చేతికొచ్చేసరికి నవంబర్, డిసెంబర్ అవుతుంది. వానాకాలం వడ్లదీ దాదాపు అదే కథ. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనుమాముల మార్కెట్‌కు వస్తుంది. యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో అమ్ముతారు.

మరి కాలేజీ డబ్బు ఎప్పుడు అడుగుతుంది? జూలై నుంచి సెప్టెంబర్ మధ్యలో. అడ్మిషన్ ఫీజు, హాస్టల్ అడ్వాన్స్, పుస్తకాలు, పరుపు, బకెట్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. సరిగ్గా అప్పుడే ఇంట్లో యూరియాకు, పురుగుమందులకు, కలుపు కూలీలకు పెట్టుబడి పోతుంటుంది. నేను చూసినంతలో చాలామందికి ఏడాది మొత్తం మీద డబ్బు ఎలాగోలా సరిపోతుంది. సరిపోనిది ఆ మూడు నెలలకే. అప్పు పుట్టేదీ అక్కడే.

కాబట్టి నెల లెక్క తర్వాత, ముందు ఒక క్యాలెండర్ తీసుకోండి. డబ్బు ఏ నెలలో వస్తుందో ఒక రంగు పెన్నుతో, ఏ నెలలో పోతుందో ఎర్ర పెన్నుతో రాయండి. సెమిస్టర్ పరీక్ష ఫీజులు, రికార్డులు, ప్రాజెక్టు బైండింగ్, దసరాకు ఇంటికి పోయి రావడం, బంధువుల పెళ్లిళ్లు, రెండేళ్లకోసారి మేడారం జాతర, అన్నీ అందులో ఉండాలి. రాసి చూస్తే ఎర్ర గీతలన్నీ ఎక్కడ గుంపు కట్టాయో కనిపిస్తుంది. ఆ గుంపును చెదరగొట్టడమే అసలు పని. మేలో వడ్లు అమ్మినప్పుడే హాస్టల్ అడ్వాన్స్ డబ్బు అమ్మ ఖాతాలో విడిగా ఉంచమనండి. అది కుదరదంటే ఫీజు రెండో వాయిదా డిసెంబర్‌లో కడతామని కాలేజీకి ఆగస్టులోనే కాగితం రాసి ఇవ్వండి. ముందే అడిగినవాళ్ల మాట ఆఫీసులో వింటారు. హాల్ టికెట్లు ఇచ్చే రోజు వచ్చి అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు.

అపోహ: స్కాలర్‌షిప్ వస్తుంది కదా, దాంతో గడిచిపోతుంది.

వస్తుంది. ఎప్పుడన్నది మాత్రం మీ చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఎంతగా పేరుకుపోయాయంటే, 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు వాటి కోసమే కాలేజీలు బంద్ పెట్టాయి. యాజమాన్యాలకే దిక్కు లేనప్పుడు ఆ డబ్బును నమ్ముకుని మీరు గది కిరాయికి మాట ఇవ్వడం మంచిది కాదు. స్కాలర్‌షిప్‌ను బడ్జెట్‌లో రాబడిగా రాయకండి. వచ్చిన రోజు దాంతో పాత బాకీ తీర్చండి, లేదంటే వచ్చే ఆగస్టుకు దాచండి.

ఇంకో సమస్య ఉంది, దీంతో నాకు ప్రతి ఏడాదీ తలనొప్పే. పోర్టల్‌లో డబ్బు పడిందని చూపిస్తుంది. పిల్లవాడు పాస్‌బుక్ తెచ్చి, ‘సార్, ఒక్క రూపాయి కూడా పడలేదు’ అంటాడు. ఇద్దరిదీ నిజమే. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు ఫారంలో రాసిన ఖాతా నంబర్‌ను చూసి పోదు. మీ ఆధార్ ఆఖరుసారి ఏ బ్యాంకుకు సీడింగ్ అయిందో, అంటే ఏ ఖాతాకు జోడించారో, ఆ బ్యాంకుకే పోతుంది. మధ్యలో ఎవరో టెంట్ వేసుకుని కూర్చుని ‘జీరో బ్యాలెన్స్ అకౌంట్’ అంటే వేలిముద్ర వేసి ఉంటారు, అక్కడ సీడింగ్ మారిపోయి ఉంటుంది. ఆ డబ్బు మీరు మరిచిపోయిన ఖాతాలో భద్రంగా ఉంటుంది. మైఆధార్ వెబ్‌సైట్‌లోకి పోయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఫారం పెట్టేముందే చూసుకుంటే నాకూ కొంత పని తప్పుతుంది.

హాజరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. రాత్రి రెండింటి దాకా డెలివరీలు చేసి, పొద్దున క్లాసులు ఎగ్గొట్టి, నెలకు కొంత సంపాదించానని సంబరపడే అబ్బాయి ఫీజు మొత్తం మీదికి తెచ్చుకుంటున్నాడని గమనించడు. పార్ట్‌టైమ్ వద్దని నేను అనను. ఆదివారం పనులు, సాయంత్రం ట్యూషన్లు, పరీక్షల తర్వాత సెలవుల్లో పని చూసుకోండి.

అపోహ: హాస్టల్ కంటే గది తీసుకుని వండుకుంటే సగానికి సగం మిగులుతుంది.

ముందు తిండికి ఎంతవుతుందో ఒక అంచనా ఉండాలి. ప్రభుత్వ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా విద్యార్థికి ఇచ్చే డైట్ చార్జీలను 2024లో నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెంచారు. అంటే రోజుకు 70. వందల మందికి ఒకే పొయ్యి మీద వండితే ఉండే లెక్క అది. ఒక్కరే ఉండి అంతకంటే తక్కువలో మూడు పూటలా తింటానంటే నేను నమ్మను. గవర్నమెంట్ హాస్టల్లో సీటు దొరికే అవకాశం ఉంటే నామోషీ పడకుండా ముందు దానికే అప్లై చేయండి.

గది అనుకుంటే నలుగురు కలిస్తేనే లాభం. ఇద్దరికైతే పెద్దగా మిగలదు. కుక్కర్, స్టవ్, గిన్నెలు, డబ్బాలు, గది అడ్వాన్స్ మొదటి నెలలోనే పోతాయి, అదీ ఆ ఆగస్టులోనే. గ్యాస్ కోసం అడ్రస్ ప్రూఫ్ లేదని దిగులు అక్కర్లేదు, 5 కిలోల చిన్న సిలిండర్ గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. గల్లీలో పెద్ద సిలిండర్ నుంచి చిన్నదాంట్లోకి ఎక్కించేవాళ్ల జోలికి పోకండి. ఇండక్షన్ స్టవ్ అయితే 2000 వాట్లది ఫుల్లులో అరగంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. కరెంటు బిల్లు మీటర్ ప్రకారమా, మనిషికి ఇంత అనా అని ఓనర్‌ను ముందే అడగండి.

గదుల్లో నిజంగా నడిచేది మధ్యేమార్గం. బియ్యం ఇంటి నుంచి తెచ్చుకుంటారు. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి ఈ మధ్య మూటల్లో వస్తున్నవి ఎక్కువగా అవే. రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టేసి, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకుంటారు. పప్పు ఒక ప్యాకెట్, ఫ్రై ఒక ప్యాకెట్, ఇంటి పచ్చడి. నలుగురూ కూర్చుని తింటారు. దీంట్లో డబ్బూ మిగులుతుంది, చదువుకునే టైమూ మిగులుతుంది. కూరలు కూడా వండాలని పెట్టుకున్న గదుల్లో అక్టోబర్‌కల్లా గిన్నెలు ఎవరు తోమాలన్న గొడవ మొదలై, పరీక్షలకు ముందు అందరూ బయటే తింటుంటారు. అప్పుడు కిరాయి ఒకటి, హోటల్ బిల్లు ఒకటి.

సగం నిజం: ఆడపిల్లలకు బస్సు ఉచితం కాబట్టి ఊరి నుంచే రావచ్చు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. గంట లోపు దూరమైతే హాస్టల్ ఖర్చు మొత్తం మిగిలినట్టే, ఇది నిజం. గంటన్నర దాటితే, ల్యాబ్ సాయంత్రం దాకా ఉంటే, ఆఖరి బస్సు కోసం పరుగులే అవుతాయి. అడ్మిషన్ అయ్యాక హాస్టల్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు, ఒక వారం పోయి వచ్చి చూసుకుంటే సరి. అబ్బాయిలకు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉంది, జమ్మికుంట, మహబూబాబాద్, జనగామ వైపు వాళ్లకు రైలు సీజన్ టికెట్ ఉంది, దాంట్లో విద్యార్థులకు రాయితీ కూడా ఉంటుంది.

అపోహ: చాయ్, సమోసా మానేస్తే బోలెడు మిగులుతుంది.

మిగలదు. ఉసూరుమనడం తప్ప. బడ్జెట్‌ను ముంచేది స్తోమతకు మించిన ఫోన్ ఈఎంఐ. ఖాతాలో డబ్బు లేని రోజు వాయిదా బౌన్స్ అయితే అప్పిచ్చినవాడూ జరిమానా వేస్తాడు, బ్యాంకూ వేస్తుంది. చాయ్ తాగండి.

అపోహ: లోన్ యాప్‌లో ఐదు వేలే కదా, పది రోజుల్లో కట్టేస్తా.

ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి అంటే దోపిడీ అని తిడతాం కదా. ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఐదు వేలు అడిగితే ప్రాసెసింగ్ అని 500 కోసుకుని 4500 వేశాడనుకుందాం. పదిహేను రోజులకు ఐదు వేలు కట్టాలి. 4500 మీద పదిహేను రోజులకు 500 అంటే నెలకు 1000. నూటికి ఇరవై రెండు రూపాయల మిత్తి! ఊళ్లో వడ్డీ వ్యాపారి ఇంతకంటే నయం, ఆయన మీ ఫోన్‌లో ఉన్న వాళ్లందరికీ ఫోన్ చేయడు.

రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేముందే అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు కాగితం మీద చూపించాలి. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు యాప్ చూడకూడదు. ఈ రెండింట్లో ఏది తేడాగా కనిపించినా ఆ యాప్‌ను తీసేయండి. ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు వస్తుంటే సిగ్గుపడి దాచకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఇంట్లో కూడా చెప్పండి. వాళ్ల బలమంతా మీరు ఇంట్లో చెప్పరన్న ధీమానే.

అపోహ: బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ ఫీజుకే.

హాస్టల్, మెస్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ కూడా అందులో అడగొచ్చు. కాకపోతే మొదటే ఎస్టిమేట్‌లో రాయించుకోవాలి. మామూలుగా 4 లక్షల దాకా మీ వాటా పెట్టమని అడగరు. 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు అవసరం ఉండదు. వరంగల్ ఎన్ఐటీ లాంటి సంస్థల్లో సీటు వస్తే, 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు, 10 లక్షల అప్పు దాకా చదివే కాలానికి, ఆ తర్వాత ఏడాదికి వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు కానీ, మిత్తి మొదటి రోజు నుంచే నడుస్తుంది. నాలుగేళ్ల కోర్సు, ఆపైన ఆ ఏడాది కలిపితే, మొదటి ఏడాది తీసుకున్న లక్షకు పది శాతం చొప్పున ఐదేళ్లకు యాభై వేలు. వీలైతే ఆ మిత్తి చదివేటప్పుడే, పంట డబ్బు వచ్చినప్పుడల్లా కట్టేయండి.

అపోహ: అడ్వాన్స్ ఎక్కడికి పోతుంది, ఖాళీ చేసే రోజు తిరిగి ఇస్తారు.

మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో రసీదు మీదే రాయించుకోండి. దసరా సెలవుల్లో మెస్ డబ్బు తగ్గిస్తారా లేదా అన్నది కూడా. చేరిన రోజే గోడలు, ఫ్యాన్, బాత్రూమ్ తలుపు ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఏప్రిల్ చివర్లో ఖాళీ చేసేవాళ్లయితే మార్చిలోనే మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా అడగండి.