పాత సిరామిక్ గ్రిల్ కొనేముందు ఒకసారి తట్టి చూడండి

ఇల్లు ఖాళీ చేసేవాళ్ళెవరో చిన్న సిరామిక్ బొగ్గుల గ్రిల్ అమ్మకానికి పెడితే, ఎవరైనా మొదట అడిగేది "కొని ఎన్నేళ్ళయింది?" అనే. ఈ వస్తువు విషయంలో ఆ ప్రశ్నతో పెద్దగా పనిలేదు. రేకుతో చేసిన గ్రిల్ అయితే ఏడాదికేడాది తుప్పు పట్టి పలచబడుతుంది. సిరామిక్‌కి తుప్పు లేదు. వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీలో కాలి బయటికొచ్చిన గోడకి మన వంట వేడి ఒక లెక్క కాదు. పదేళ్ళు జాగ్రత్తగా వాడినది ఇవాళ్టికీ బ్రహ్మాండంగా ఉండొచ్చు. నిన్న కొన్నది కారులోంచి దించేటప్పుడు చేయి జారితే ఎందుకూ పనికిరాకపోవచ్చు. కాబట్టి వయసు పక్కన పెట్టి రెండు విషయాలు చూడాలి: పగుళ్ళు ఎక్కడున్నాయి, మూత బిగుతుగా కూర్చుంటోందా.

గుడ్డు ఆకారంలో ఉండే ఈ గ్రిల్‌ని కమాడో అంటారు. జపాన్‌లో అన్నం వండుకునే మూత ఉన్న మట్టి పొయ్యి దీనికి మూలం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు వాటిని తమ దేశానికి తీసుకెళ్ళారు. 1974లో ఎడ్ ఫిషర్ అట్లాంటాలో బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీ మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో వచ్చినవి మామూలు మట్టివి, వేడికి త్వరగా బీటలు వారేవి. తర్వాత మెరుగైన సిరామిక్ వచ్చింది.

సిరామిక్ గుండా వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. ఉక్కుతో పోలిస్తే పదో వంతు కూడా పాకదు. దళసరి గోడ నిదానంగా వేడెక్కి, ఆ వేడిని దాచుకుని, అన్ని వైపులనుంచీ మాంసం మీదికి ప్రసరిస్తుంది. వేడి బయటికి పోదు గనుక కొద్దిపాటి నిప్పు సరిపోతుంది. కొద్దిపాటి నిప్పుకి కొద్దిపాటి గాలి చాలు. లోపల గాలి పెద్దగా కదలదు, అందుకే కోడి ముక్క ఎండిపోకుండా ఉడుకుతుంది. మంట పెంచాలన్నా తగ్గించాలన్నా కింద, పైన ఉన్న గాలి కన్నాలే ఆధారం. మరో చోటనుంచి గాలి దూరిందంటే మంట మన చేతిలో ఉండదు.

ఇక పగుళ్ళ సంగతి. 1920 ప్రాంతంలో ఇంగ్లండ్ ఇంజనీరు గ్రిఫిత్ గాజు మీద ప్రయోగాలు చేసి ఒక చిక్కుముడి విప్పాడు. అణువుల మధ్య బంధాల బలాన్ని బట్టి లెక్కేస్తే గాజు ఎంతో గట్టిగా ఉండాలి, నిజానికి అందులో చిన్న వంతు ఒత్తిడికే పగిలిపోతుంది. కంటికి కనిపించని సన్నటి బీటల కొనల దగ్గర ఒత్తిడంతా పోగుపడటమే కారణమని ఆయన తేల్చాడు. ఇనుము అయితే ఆ కొన దగ్గర కాస్త సాగి ఒత్తిడిని తట్టుకుంటుంది. సిరామిక్‌కి సాగే గుణం లేదు. నిప్పు రాజేసినప్పుడు లోపలి గోడ ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, బయటి గోడ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ లాగుడు పడేది బయటి బీట మీదే. ప్రతి వంటకీ అది కొంచెం కొంచెం ముందుకి జరుగుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మన అమ్మమ్మలు సంతలో కుండ కొనేటప్పుడు చేసిన పనే చేయాలి. మూత తెరిచి, లోపలి భాగాలు తీసేసి, వేలి కణుపుతో గ్రిల్ కింది భాగాన్నీ మూతనీ చుట్టూ తట్టండి. నిక్షేపంగా ఉంటే ఖంగుమంటుంది. బీట ఉంటే దాని రెండు అంచులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ధ్వనిని మింగేస్తాయి, చప్పుడు మొద్దుగా వస్తుంది. తర్వాత టార్చి వెలుగులో చూడండి. పై పూతలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు మామూలే, భయం లేదు. గోడ మందమంతా దాటి లోపలా బయటా ఒకే చోట గీత కనిపిస్తే, ఎంత చవకగా ఇస్తున్నా వదిలేయండి. బొగ్గులు పోసే లోపలి గిన్నె పగిలితే మాత్రం అంత టెన్షన్ అక్కర్లేదు. అది విడిగా దొరికే భాగమే. దాని ధర అడిగిన ధరలోంచి తీసేసి బేరమాడండి. చాలా కంపెనీల వారంటీ మొదట కొన్నవారికే వర్తిస్తుందనీ గుర్తుంచుకోండి.

మూత బిగువుకి ఒక కాగితం ముక్క చాలు. అంచున పెట్టి మూత వేసి లాగండి. చుట్టూ ఇలాగే చేయండి. ఏ వైపైనా సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోందన్నమాట. అంచున అంటించే ఫెల్ట్ (ఒత్తుగా అదిమిన బట్ట) పట్టీ అరిగితే కొత్తది వేసుకోవచ్చు. కీలు వంకరపోయి ఉంటే సరిచేయొచ్చేమో చూడండి. అంచు పెచ్చులూడితే వద్దు.

లోపల బూజు పట్టి ఉంటే చాలామంది వెనక్కి తగ్గుతారు. నా ఉద్దేశంలో అది బేరానికి పనికొచ్చే లోపమే. బొగ్గులు రాజేసి 300 డిగ్రీలకి కాసేపు కాలిస్తే బూజు బూడిదైపోతుంది. కిరోసిన్‌లాంటి ఘాటు వాసన వస్తే మాత్రం ఆలోచించాలి. పూత లేని లోపలి గోడ సూక్ష్మ రంధ్రాల మయం, నిప్పంటించడానికి పోసిన ద్రవాన్ని పీల్చుకుని ఉంటుంది.

చిన్న సైజు సరిపోతుందా? ఇద్దరు ముగ్గురికైతే హాయిగా. బిగ్ గ్రీన్ ఎగ్ స్మాల్ సైజులో జాలీ వెడల్పు 13 అంగుళాలు. ఒక కోడి పడుతుంది, పది మంది అతిథులకి కబాబులు మాత్రం విడతలుగానే. జాలీకీ నిప్పులకీ మధ్య దూరం తక్కువ గనుక, నెమ్మదిగా ఉడకాలంటే మధ్యలో అడ్డంగా పెట్టే సిరామిక్ పలక ఉండాలి. అమ్మేవాళ్ళ దగ్గర అదుందో లేదో అడగండి. బొగ్గు ఖర్చు సంగతి లెక్కేద్దాం: 30 కిలోల సిరామిక్ 200 డిగ్రీలు వేడెక్కాలంటే సుమారు 5 మెగాజౌళ్ళ వేడి కావాలి. కిలో బొగ్గు 30 మెగాజౌళ్ళ దాకా ఇస్తుంది. అంటే 200 గ్రాముల లోపు బొగ్గు గోడకే పోతుంది, ఆ తర్వాత వంట చౌక. పది నిమిషాల్లో నాలుగు ముక్కలు కాల్చుకుని లేచిపోయేవారికి ఇది నష్టం. గంటలకొద్దీ నిదానంగా వండేవారికి లాభం.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే మాత్రం కొనకండి. బొగ్గు సరిగా గాలి అందక కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, రక్తంలో ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే అగ్నిమాపక నియమావళి అపార్ట్‌మెంట్ల చెక్క బాల్కనీల మీద, మంటంటుకునే గోడకి 10 అడుగుల లోపు బొగ్గుల గ్రిల్ వాడొద్దంటుంది.

కొన్నారా, లోపలి భాగాలన్నీ విడిగా దుప్పట్లలో చుట్టండి. కీలు పట్టుకుని ఎత్తొద్దు, ఇద్దరు కలిసి గ్రిల్ అడుగున చేతులు వేసి ఎత్తాలి. ఇంటికి తెచ్చాక మొదటి నిప్పు సన్నగా, గంటసేపు. బయట వానలో నానిన గోడలో నీరుంటే, అది ఒక్కసారిగా ఆవిరైతే మంచి సిరామిక్ కూడా పగులుతుంది.