ముందుకెళ్లడానికి ఎవరూ ఇష్టపడని రేసు

ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్ మొదటిసారి చూసేవాళ్లకు అసలిది పోటీయేనా అనిపిస్తుంది. ఇద్దరు రైడర్లు, 250 మీటర్ల ట్రాక్ అయితే మూడు చుట్లు. మొదట్లో ఇద్దరూ నడక వేగంతో కదులుతూ ఒకరినొకరు ఓరకంట కనిపెడుతుంటారు. ఒక్కోసారి సైకిల్‌ను ఉన్నచోటే నిలబెట్టేసి, ఎదుటివాడు ముందుకెళ్తాడేమోనని చూస్తారు. బ్రేకుల్లేని, గేర్లు మారని సైకిల్ మీద అలా కదలకుండా నిలబడటమూ ఒక విద్యే. ఇంత తంటా ఎందుకంటే, ముందున్నవాడే గాలిని చీల్చుకుంటూ పోవాలి.

వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల దగ్గర గాలికి సుమారు 130 వాట్లు పోతే, 72 దగ్గర వెయ్యి వాట్లు దాటిపోతాయి. మొదటి చుట్టు నింపాదిగా సాగడానికి కారణం ఇదే: ఆ వేగంలో గాలితో పేచీ లేదు, కాబట్టి ఎవరి చాటునో దాక్కుని మిగిల్చుకునేదీ లేదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. రైడరూ సైకిలూ కలిసి 95 కిలోలు, కాళ్లు ఇచ్చేది 1500 వాట్లు అనుకుందాం. (మేటి స్ప్రింటర్లు 2000 కూడా దాటిస్తారు, కాకపోతే కొద్ది సెకన్లే.) గంటకు 36 కిలోమీటర్ల దగ్గర ఆ పవర్‌తో ప్రతి సెకనుకూ వేగం గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. 72కి చేరాక అదే కాళ్లు, అదే 1500 వాట్లు, కానీ ప్రతి సెకనుకూ గంటకు ఒక కిలోమీటరు వేగం కూడా పెరగదు. గాలి తన వాటా తీసుకోగా వేగం పెంచడానికి మిగిలేది సుమారు 450 వాట్లే. వెనక చాటున ఉన్నవాడికి గాలి అడ్డు 30 శాతం తగ్గిందనుకుంటే, అతని దగ్గర 760 వాట్లు మిగులుతాయి. అంటే ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ త్వరణం, అదనపు కష్టమేమీ లేకుండానే!

ముందున్నవాడి వెనక పీడనం తగ్గుతుంది, కొంత గాలి అతని వెంటే ఈడ్చుకొస్తుంది. వెనకవాడికి దక్కే చాటు అదే. ఆ ఖాళీని వెనకవాడు కొంత నింపుతాడు కాబట్టి ముందువాడికీ కాస్త మేలే, కానీ ఈ బేరంలో అది చిల్లర.

అలాగని చక్రానికి చక్రం ఆనించి వెళ్తే దాటడం కుదరదు. తెలివైనవాడు కొన్ని మీటర్ల ఎడం ఉంచుకుని, చాటులోనే వేగం పుంజుకుని, ఆఖరి క్షణంలో పక్కకు తప్పుకుంటాడు. బయటికొచ్చేటప్పటికి సెకనుకు అర మీటరు ఎక్కువ వేగం ఉన్నా అయిదు సెకన్లలో రెండున్నర మీటర్లు కలిసొస్తాయి. సైకిల్ పొడవు అంతకంటే తక్కువే. అయితే మలుపులో దాటబోతే ఇబ్బంది. అర్ధచక్రం తిరిగేటప్పుడు ఒక మీటరు బయటగా వెళ్లినా మూడు మీటర్ల పైచిలుకు ఎక్కువ దూరం తొక్కాలి. సంపాదించిందంతా అక్కడే పోతుంది.

ముందున్నవాడి చేతిలోనూ ఒక ఆయుధం ఉంది, ఎత్తు. మలుపుల్లో ట్రాక్ 42 నుంచి 45 డిగ్రీల దాకా వాలుగా ఉంటుంది, పై అంచు నాలుగు మీటర్లకు మించిన ఎత్తులో ఉంటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పైన వెళ్తున్నవాడు నాలుగు మీటర్లు కిందికి దిగితే, పెడల్ మీద బలం పెట్టకపోయినా 48కి చేరతాడు. అందుకే ఇద్దరూ పైకి పాకుతుంటారు. ఎదుటివాణ్ణి పైన ఒంటరిగా వదలడం కొరివితో తల గోక్కోవడమే.

ఎడం మరీ పెరిగితే చాటే ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ కెయిరిన్ ఫైనల్లో ఇది కళ్లకు కట్టింది. ఆ పోటీలో రైడర్లందరూ మొదట ఒక మోటారు బండి వెనక వెళ్తారు, మూడు చుట్లు మిగిలుండగా అది తప్పుకుంటుంది. ఆ క్షణాన ముందున్న బ్రిటన్ రైడర్ జేసన్ కెన్నీ, తన వెనకున్న ఆస్ట్రేలియా రైడర్ మాథ్యూ గ్లేట్జర్ ఎడం వదిలేయడం గమనించి ఒక్కసారిగా దూసుకుపోయాడు. అతన్ని తరమాలంటే ఎవరో ఒకరు గాలికి ఎదురెళ్లాలి, అలా వెళ్లినవాడి చాటున మిగతావాళ్లు హాయిగా వచ్చేస్తారు. గీత దాటేదాకా కెన్నీని ఎవరూ అందుకోలేదు.