పియానో కొనేటప్పుడు ముందు దాని మెట్లు (కీలు) చూడండి

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. హైదరాబాదులో మీరు దిగబోయే ఫ్లాటు లిఫ్టులో మన పియానో పట్టదనీ, దాని బదులు తేలిగ్గా మోసుకెళ్ళే డిజిటల్ పియానో కొందామనుకుంటున్నారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నాకూ అదే మంచిదనిపిస్తోంది. విశాఖ ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టాయి. వానాకాలం వస్తే చాలు, చెక్క చెమ్మ పీల్చి శ్రుతి జారిపోతోంది. లోపల ఇంచుమించు 230 తీగలు, అవన్నీ కలిపి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి పోత ఇనుప చట్రం బిగిస్తారు. నిలువు పియానో కూడా 200 కిలోలు తూగేది అందుకే.

మీరు పంపిన లిస్టు చూశాను. దేనిలో ఎన్ని టోన్లు, ఎన్ని రిథమ్‌లు ఉన్నాయో ఓపిగ్గా రాశారు. అవన్నీ పక్కన పెట్టి, ముందు మెట్ల సంగతి, అంటే వేళ్ళతో నొక్కే ఆ తెల్ల, నల్ల కీల సంగతి చూడండి. ధ్వని నచ్చకపోతే రేపు మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కోవచ్చు, స్పీకరు తగిలించుకోవచ్చు. మెట్లు బాగోలేకపోతే మాత్రం చేసేదేమీ లేదు. తేలిక మెట్లకు అలవాటుపడ్డ వేళ్ళు అసలు పియానో ముందు కూర్చోగానే తడబడతాయి.

ఎందుకో చెప్తాను. మన పియానో పైమూత ఎత్తి ఒక మెట్టును మెల్లగా, చాలా మెల్లగా నొక్కి చూడండి. లోపల ఫెల్టు చుట్టిన చిన్న సుత్తి తీగ వైపు కదులుతుంది, తీగ దగ్గరదాకా వెళ్ళి, తాకకుండానే వెనక్కి పడిపోతుంది. శబ్దం రాదు. ఎందుకంటే చివరి కాస్త దూరం సుత్తిని మన వేలు మోసుకెళ్ళదు, అది తనంతట తానే ఎగిరి వెళ్ళి తగలాలి. క్యారమ్స్‌లో స్ట్రైకర్ వేలిని వదిలాక ఇక మన చేతిలో ఉండదు కదా, ఇదీ అంతే. సుమారు 1700లో ఇటలీలోని ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి కనిపెట్టిన కిటుకు ఇది. మనం ఎంత బలంగా అదిమామన్నది కాదు, సుత్తి ఎంత వేగంతో వెళ్ళిందన్నదే స్వరం మెల్లగా పలకాలో గట్టిగా పలకాలో తేలుస్తుంది.

డిజిటల్ పియానో కొలిచేదీ ఆ వేగాన్నే. మెట్టు కింద ఒకదాని తర్వాత ఒకటిగా రెండు సెన్సార్లు ఉంటాయి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎంత సమయం పట్టిందో చూసి, 1 నుంచి 127 దాకా ఒక అంకె ఇస్తుంది. అసలు పియానో నుంచి ముందే రికార్డు చేసి పెట్టుకున్న ధ్వనిని ఆ అంకెకు తగ్గట్టు పలికిస్తుంది. కొన్నిట్లో మూడు సెన్సార్లుంటాయి. మెట్టు పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్ళీ పలికించడానికి మూడోది పనికొస్తుంది. కాబట్టి డిజిటల్ అంటే బొమ్మ పియానో అనుకోకండి. అయితే వేగాన్ని అదుపులో పెట్టుకోవడం వేళ్ళకు రావాలంటే మెట్టుకు బరువుండాలి. 88 మెట్లూ ఉండాలి, లోపల సుత్తి లాంటి బరువు కదలాలి, ఎడమవైపు మెట్లు కాస్త బరువుగా, కుడివైపువి తేలిగ్గా ఉండాలి. దుకాణంలో ‘హ్యామర్ యాక్షన్’ ఉందా అని అడగండి. స్ప్రింగు మీద నడిచే 61 మెట్ల కీబోర్డు చూపిస్తే వద్దనండి. సినిమా పాటలకు అది హాయిగా ఉంటుంది, కానీ దాని చదువు వేరు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళు పెట్టే సంగీత పరీక్షల్లో కూడా పియానోకీ ఎలక్ట్రానిక్ కీబోర్డుకీ సిలబస్‌లు వేరువేరు.

మీ లిస్టులో ఉన్న యమహా పీ-45 బరువు 11.5 కిలోలు, రోలాండ్ ఎఫ్‌పీ-10 12.3, ఎఫ్‌పీ-30ఎక్స్ 14.8. ఎవరైనా ఇద్దరు మోసుకెళ్ళొచ్చు. పాలిఫనీ, అంటే ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవన్న లెక్క కింద వీటికి వరుసగా 64, 96, 256 అని ఉంటుంది. ఉన్నవి పది వేళ్ళే కదా, 64 చాలదా అని మీకు సందేహం రావచ్చు. పెడల్ తొక్కి ఉంచితే పాత స్వరాలు ఆగవు, కొత్తవి వచ్చి చేరుతుంటాయి. లెక్క దాటగానే పాతవి మధ్యలో తెగిపోతాయి. ఇప్పుడు మీరు వాయించే పాఠాలకు 64తో ఇబ్బంది లేదు. నాలుగేళ్ళ తర్వాత వాయించబోయేవాటికి చాలకపోవచ్చు. డబ్బు సరిపోతే మూడోదే తీసుకోమంటాను.

దుకాణానికి వెళ్ళాక వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మీకు బాగా వచ్చిన పాఠం ఒకటి వాయించండి. వేళ్ళకు ఏం తెలుస్తోందో గమనించండి. మెట్ల టకటక చప్పుడు కూడా వినండి, కింది ఫ్లాటువాళ్ళకు వినిపించేది అదే. తర్వాత వేళ్ళను నల్లమెట్ల మధ్యకు, బాగా లోపలికి జరిపి తెల్లమెట్టు నొక్కండి. పెట్టె సన్నగా ఉన్నవాటిలో అక్కడ మెట్టు మొండికేస్తుంది. చివరికి ధ్వని పెంచి, మెట్ల వరుస నడుమ ఉండే ‘సి’ స్వరం మెట్టుని చప్పుడు కాకుండా నొక్కి పట్టుకుని, దానికి ఎడమవైపున్న కింది ‘సి’ని ఒక్కసారి కొట్టి వదలండి. మన పియానోలో అయితే పై ‘సి’ తీగ దానంతటదే సన్నగా మోగుతుంది. డిజిటల్‌లో అలా మోగేలా తయారీదారు ఏర్పాటు చేసి ఉంటేనే వినిపిస్తుంది. ఏర్పాటు చేసినా, చెక్క అదురు కాళ్ళదాకా వచ్చే ఆ సుఖం దానిలో ఉండదు. అందుకని వీలున్నప్పుడల్లా మీ టీచరుగారి పియానో మీదో, చర్చిలో అడిగి అక్కడి పియానో మీదో కాసేపు వాయిస్తూ ఉండండి.

బ్లూటూత్ ఉందని రాసి ఉంటే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చని అనుకోకండి. చాలావాటిలో అది ఫోనులో పాటను పియానో స్పీకర్లలో వినడానికే. పైగా వైర్‌లెస్‌లో ధ్వని ఆలస్యంగా చెవికి చేరి తాళం తప్పిస్తుంది. వైరున్నవే కొనండి. డబ్బాలో వచ్చే చిన్న పెడల్ తరచూ ఒట్టి స్విచ్చే అయి ఉంటుంది, సగం తొక్కితే సగం పనిచేయదు, నేల మీద జారిపోతుంది కూడా. సగం పెడల్ పలికేది విడిగా దొరుకుతుంది, అది ఈ పియానోకి పనిచేస్తుందో లేదో కనుక్కోండి. ఎక్స్ ఆకారపు స్టాండు గట్టిగా వాయిస్తే ఊగుతుంది, నాలుగు కాళ్ళది తీసుకోండి. బిల్లు కట్టే ముందు, వారంటీలో మనిషి ఇంటికొచ్చి బాగుచేస్తాడా, మనమే మోసుకెళ్ళాలా అన్నది మీ నాన్నను అడగమనండి.

మీ అమ్మమ్మ