రేసింగ్ వాచీలు: మా కౌంటర్ దగ్గర వినిపించే అపోహలు, అసలు సంగతులు

విజయనగరంలో వాచీ రిపేరు షాపు అంటే ఒకప్పుడు హెచ్ఎంటీ జనతాలు, పెళ్లికి పెట్టిన టైటాన్లు. ఇప్పటికీ మా షాపు అద్దె వాటి మీదే వెళ్తోంది. కానీ కొన్నేళ్లుగా పలాస జీడిపప్పు వ్యాపారులు, రైసు మిల్లుల వాళ్లు, సెలవులకు అమెరికా నుంచి దిగిన పిల్లలు కారు రేసుల స్ఫూర్తితో చేసిన స్విస్ వాచీలు తెస్తున్నారు. వాటితో పాటు యూట్యూబ్‌లో విన్న మాటలూ తెస్తున్నారు.

అపోహ: రేసు కోసం చేసిన వాచీ, దేనికైనా తట్టుకుంటుంది

నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. రేసు వాచీ పుట్టింది టైము కొలవడానికి, దెబ్బలు తినడానికి కాదు. హ్యూయర్ వాచీ కంపెనీ నడిపిన జాక్ హ్యూయర్ 1963లో కరేరా అనే రేసు వాచీ తెచ్చినప్పుడు ఆయన పట్టుదలంతా డయల్ మీదే. వేగంగా పోయే డ్రైవరు ఒక్క చూపులో అంకెలు చదవగలగాలి. అంతే. లోపల ఉండే క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా కలిసిన మెషిన్, మాత్రం మామూలు కీ వాచీ కంటే చాలా సున్నితం. లీవర్లు, స్ప్రింగులు, సన్నటి చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి.

నదాల్ రిచర్డ్ మిల్ కంపెనీ వాచీ పెట్టుకుని టెన్నిస్ ఆడలేదా అని అడుగుతారు. ఆడాడు. అది అందుకోసమే ప్రత్యేకంగా చేసిన వాచీ. అదే కంపెనీ 2017లో కారు రేసుల టీమ్ మెక్‌లారెన్ పేరుతో తెచ్చిన ఆర్ఎం 50-03, స్ట్రాప్‌తో కలిపి 40 గ్రాములు కూడా తూగదు. ఇంజినీరింగ్‌గా అద్భుతం. అది చూసి మీ చేతికున్న క్రోనోగ్రాఫ్‌కీ ఆ శక్తి ఉందనుకుని బుల్లెట్ బండి మీద గతుకుల రోడ్డులో తిరగకండి.

మా వైపు అసలు శత్రువు దెబ్బ కాదు, చెమ్మ. భోగాపురం నుంచి కళింగపట్నం, బారువ దాకా సముద్రం పక్కనే. ఉప్పుగాలి, చెమట కలిసి బటన్ల కింద చేరతాయి. లోపలి రబ్బరు సీలు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఒక వానాకాలం ఉదయాన గ్లాసు లోపల ఆవిరి కనబడుతుంది. అప్పుడు బియ్యం డబ్బాలో పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ కొట్టకండి. వెంటనే తెచ్చి విప్పించండి. తుప్పు మొదలైతే చక్రాల ఇరుసులు పోతాయి. వెనక మూత మీద 50 మీటర్లు అని రాసి ఉన్నా, బటన్లను నీళ్లలో నొక్కకూడదు. ఏడాదికోసారి ప్రెషర్ టెస్ట్ చేయిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అపోహ: ఖరీదు పెరిగితే టైము కచ్చితం

కాదు. వెయ్యి రూపాయల బ్యాటరీ వాచీ వీటన్నిటినీ ఓడిస్తుంది. స్విస్ సర్టిఫికెట్ ఉన్న మెకానికల్ మెషిన్‌కే రోజుకు 4 సెకన్లు స్లో, 6 సెకన్లు ఫాస్ట్ దాకా అనుమతి ఉంది. టూర్బిలాన్, అంటే టైము నడిపే భాగాన్నే గుండ్రంగా తిప్పే చిన్న పంజరం, ఉంటే కచ్చితం అనుకుంటారు. పాతకాలపు వాచీల మేస్త్రీ బ్రెగే దానికి పేటెంటు తీసుకున్నది 1801లో, జేబులో నిలువుగా ఉండే వాచీల కోసం. చేతి మీద అది ఎక్కువగా చూడ్డానికే. చూడ్డానికి మాత్రం నాకూ ఇష్టమే. ఉన్నట్టుండి వాచీ నిమిషాల కొద్దీ ఫాస్ట్ పోతోందంటే ముందు స్పీకరును, అయస్కాంతం ఉన్న ఫోను కవరును అనుమానించండి. అయస్కాంతం పోగొట్టడానికి ఐదు నిమిషాలు చాలు.

అపోహ: డయల్ చుట్టూ ఉన్న అంకెలు డెకరేషన్

వాటి పేరు టాకీమీటర్, బండి వేగం కొలిచే స్కేలు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ 1957లో వచ్చింది కార్ల వాళ్ల కోసమే. చంద్రుడి మీదకి వెళ్లింది తర్వాతి కథ. రణస్థలం దాటాక హైవే మీద కిలోమీటరు రాయి రాగానే బటన్ నొక్కండి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. 45 సెకన్లు పడితే ముల్లు 80 మీద ఉంటుంది, 36 పడితే 100 మీద. అదే గంటకు కిలోమీటర్లలో మీ వేగం. లెక్క సులువే, 3600ని సెకన్లతో భాగించడం. ఈ పని పక్క సీటులో ఉన్నవాళ్లు చెయ్యాలి, స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కాదు.

అపోహ: బంగారం లాంటిదే, పెరుగుతూనే ఉంటుంది

అందరూ పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా వాచీ కథే చెబుతారు. 2017లో న్యూయార్క్ వేలంలో అది 1.77 కోట్ల డాలర్లకు పోయింది. ఆయన సినిమా నటుడు, రేసర్ కూడా. భార్య కానుకగా ఇచ్చిన వాచీ అది. ఆ ధర ఆ చేతిది. అదే మోడల్ మొదట్లో అమ్ముడుపోక షోరూముల్లో పడి ఉండేది. పాత వాచీల ధరలు 2022 మొదట్లో ఎక్కడికో వెళ్లి, అదే ఏడాది దిగడం మొదలుపెట్టాయి. ఇంజిన్ ఆకారంలోనో టైరు రబ్బరు స్ట్రాపుతోనో ఉన్న వింత డిజైన్లు కొనేవాళ్లు మరీ తక్కువ. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎవరు కొంటారు? ముంబై దాకా పోవాలి, అక్కడ వాళ్లు చెప్పిన ధరకు ఇవ్వాలి. నచ్చితే కొనండి, లాభం కోసమైతే వద్దు.

అపోహ: మంచి మెకానిక్ ఏదైనా బాగుచేస్తాడు

"మాస్టారూ, దీన్ని మీరు విప్పగలరా?" అని అడుగుతారు. విప్పడం ఎవరైనా విప్పుతారు బాబూ, బిగించడమే కష్టం. ట్యాగ్ హ్యూయర్ మొనాకో వి4లో పళ్ల చక్రాల బదులు సన్నటి బెల్టులు తిరుగుతాయి. 2004లో నమూనా చూపించి, అమ్మకానికి తేవడానికి కంపెనీకే ఏళ్లు పట్టింది. అది తెగితే నేను చేసేదేమీ లేదు, హైదరాబాదులో వాళ్లు చేసేదీ లేదు. స్విట్జర్లాండ్ పంపాలి, నెలలు ఆగాలి. అందుకే మొదటి రేసింగ్ వాచీ కొనేవాళ్లకు 7750 రకం మెషిన్ ఉన్నది చూసుకోమంటాను. 1970ల నుంచి ఎన్నో కంపెనీలు వాడుతున్న మెషిన్, తెలిసిన చేతులు చాలా ఉన్నాయి.

ఫస్ట్ కాపీల సంగతి ఒక్క మాట. క్రోనో బటన్ నొక్కి చిన్న డయళ్లు చూడండి. నకిలీల్లో చాలావాటికి అవి ఉత్తుత్తివి. కొన్నిట్లో నిమిషాల ముల్లు ఉండాల్సిన చోట 24 గంటల ముల్లు తిరుగుతుంటుంది. రీసెట్ చేస్తే ముల్లు సున్నా మీదకి టక్కున రావాలి. ఇందులో పాసైనంత మాత్రాన అసలుదని కాదు, మూత విప్పించి మెషిన్ చూపించండి.

ఇక బిల్లు. రెండు లక్షలు దాటితే పాన్ ఇవ్వాలి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం అమ్మేవాడికి చట్టప్రకారం కుదరదు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీకి 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను, కూడా వసూలు చేస్తారు. అది రిటర్ను వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది, కాబట్టి ఆ రసీదు వాచీ పెట్టెలోనే పెట్టుకోండి.