రా ఫైల్ చిన్నదైతే క్వాలిటీ పోతదా?

నల్గొండలో మా షాపుకు నిండిన హార్డ్ డిస్కు పట్టుకొచ్చే కుర్ర ఫొటోగ్రాఫర్లందరిదీ ఒకటే టెన్షన్: "అన్నా, కంప్రెస్ చేస్తే క్వాలిటీ పోతది కదా?" వాళ్లు అడిగేది రా (RAW) ఫైళ్ల గురించి, అంటే కెమెరా సెన్సర్ పట్టుకున్న డేటాను జేపెగ్‌గా మార్చకముందు దాచే ఫైళ్లు. ఆ భయంతోనే కెమెరాలో అన్‌కంప్రెస్డ్ పెట్టి పెళ్లికి 3,000 ఫొటోలు తీస్తారు. 24 మెగాపిక్సెల్, 14 బిట్ అంటే ఒక్కో ఫైలు 42 ఎంబీ పైనే. ఒక్క పెళ్లికే 126 జీబీ!

కెమెరాలోనే ఉండే లాస్‌లెస్ కంప్రెస్డ్ సెట్టింగ్‌లో ఏమీ పోదు. పక్కపక్క పిక్సెళ్ల విలువలు చాలావరకు దగ్గరగా ఉంటాయి కాబట్టి పూర్తి అంకె బదులు కెమెరా తేడా మాత్రమే రాసుకుంటుంది. తెరిస్తే అవే అంకెలు తిరిగొస్తాయి. సైజు 20 నుంచి 40 శాతం తగ్గుతుందని నికాన్ మాన్యువల్‌లోనే ఉంది, ఎవరూ చదవరు. సాగర్ మీది ఆకాశం బాగా తగ్గుతుంది. రాత్రి బరాత్‌లో ఐఎస్‌ఓ 6400తో తీసినవి నాయిస్ (చీకట్లో వచ్చే చుక్కల గరుకు) వల్ల అంత తగ్గవు. కెనాన్ కెమెరాల్లో ఉండే చిన్న సైజు సీ-రా మాత్రం లాసీ, అంటే కొంత డేటా వదిలేస్తుంది, అది వేరే లెక్క.

అసలు నష్టం తర్వాత జరుగుతుంది. డిస్కు నిండగానే జేపెగ్‌లు తీసుకుని రా ఫైళ్లు డిలీట్ చేస్తారు. నేనూ చేశాను. దేవరకొండ వైపు ఒక పెళ్లి, ఆల్బమ్ చూసి పెళ్లికూతురి తల్లి అడిగింది: "మధుపర్కం చీర కుచ్చిళ్లు కనిపిస్తలేవేంది బాబూ?" వీడియో లైటు పడి చీరంతా తెల్లటి అట్టముక్కలా ఉంది. 14 బిట్ రా ఫైలులో వెలుగు స్థాయిలు 16,384, నా దగ్గర మిగిలిన జేపెగ్‌లో 256. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) ఎంత దించినా తెలుపు బూడిదరంగైంది తప్ప కుచ్చిళ్లు రాలేదు. ఆమె ఇంకేమీ అనలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది.

జిప్ చేస్తే సగమవుతుందా? కంప్రెస్ అయి ఉన్న ఫైలు పెద్దగా తగ్గదు. పేరు చివర జేపీజీ అని మారిస్తే? పేరు మారుతుంది తప్ప ఫైలు మారదు, నవ్వాలో ఏడవాలో తెలియదు.

పాత అన్‌కంప్రెస్డ్ ఫైళ్లుంటే, వాటిని డీఎన్‌జీ అనే మరో రకం రా ఫైళ్లుగా మార్చి చిన్నవి చేసే అడోబ్ డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితం. అందులో లాసీ టిక్ తీసేయండి. ఎంబెడ్ ఒరిజినల్ టిక్ కూడా తీసేయండి, లేదంటే పాత ఫైలు కూడా కొత్తదాని లోపలే కూర్చుని సైజు ఇంకా పెరుగుతుంది. ముందు ఒక్క పెళ్లి ఫోల్డర్ మార్చి, మీ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయని చూశాకే పాతవి తీయండి.