తళతళలాడే బైకు, గరగరలాడే బేరింగులు

చలికాలం మొదలైతే చాలు, నా దగ్గరికి రిపేరుకి రెండు రకాల మౌంటెన్ బైకులు, అంటే కొండదారుల్లో తొక్కే సైకిళ్లు, వస్తాయి. ఒకటి, ఫ్రేమ్ ఏ రంగో కూడా తెలియనంత బురదతో. రెండోది, షోరూమ్ నుంచి అప్పుడే దించినట్టు తళతళలాడుతూ. నాకు భయం రెండోదాన్ని చూస్తేనే.

కిందటేడాది ఒకాయన అలాంటి బైకే తెచ్చారు. "తొక్కుతుంటే కింద గరగరమంటోందండీ. ప్రతి రైడ్ తర్వాతా కడుగుతూనే ఉన్నాను" అన్నారు. దేనితో అని అడిగితే, "ప్రెషర్ వాషర్‌తో" అన్నారు, కాస్త గర్వంగానే. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ విప్పి, బేరింగు సీల్‌ని సూదితో లేపి చూపించాను. గ్రీజు ఉండాల్సిన చోట పాలు కలిపిన కాఫీ రంగులో గుజ్జు. వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలింది. పైన పటారం, లోన లొటారం.

అపోహ: ఎంత గట్టిగా కొడితే బురద అంత బాగా పోతుంది.

వాస్తవం: పోతుంది. కొంత నేల మీదికి, కొంత బేరింగుల్లోకి.

సీల్ అంటే ఒక పల్చటి రబ్బరు అంచు. గ్రీజు బయటికి రాకుండా, రైడ్‌లో చిందే నీళ్లు లోపలికి పోకుండా ఆపడమే దాని పని. ఇళ్లలో వాడే ప్రెషర్ వాషర్లు కూడా 100 బార్ పైన ఒత్తిడితో కొడతాయి. మన టైర్లలో గాలి 2 బార్ కూడా ఉండదు మరి. నాజిల్ దగ్గరగా పెట్టి హబ్ (చక్రం నడుమ భాగం) మీదికో పివట్ (సస్పెన్షన్ కదిలే కీలు) మీదికో కొడితే ఆ అంచు కాస్త లేస్తుంది, నీళ్లు సన్నటి మట్టిని వెంటేసుకుని దూరిపోతాయి. ఆ తర్వాత సీల్ మళ్లీ మూసుకుంటుంది కాబట్టి అవి బయటికి రావు. అందుకే కడిగిన రోజు ఏమీ తెలియదు, కొన్ని వారాలకు గరగర మొదలవుతుంది. నేనూ తక్కువ తినలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఒకే చలికాలంలో నా బైకు పివట్ బేరింగులన్నీ పోగొట్టుకుని, తప్పు బేరింగులదే అనుకున్నాను.

"రేసుల్లో మెకానిక్‌లు వాడతారు కదా" అంటారు. వాడతారు. నాజిల్ ఎటు తిప్పకూడదో వాళ్లకు తెలుసు, బేరింగులు మార్చడానికి వెనకాడరు కూడా.

మామూలు పైపు, బకెట్, మెత్తటి బ్రష్ చాలు. పైనుంచి నీళ్లు జారనిచ్చి, పది నిమిషాలు నాననిచ్చి రుద్దండి. బైకుని కాస్త ఎత్తి చక్రాల మీద రెండుమూడుసార్లు వేస్తే సందుల్లో నీళ్లు రాలతాయి. చైన్ తుడిచి ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క లూబ్ (చైన్ ఆయిల్) వేయండి. కాసేపాగి పైన మిగిలింది తుడిచేయాలి, లేకపోతే మట్టిని పట్టుకునేది అదే.

మిగతావి గబగబా. వెంటనే కడగకపోతే ఫ్రేమ్ పాడవుతుందేమోనని టెన్షన్ పడి రాత్రి పదింటికి ఫోన్ చేసేవాళ్లున్నారు. ఏమీ కాదు, ఎండిన బురద పొద్దున బ్రష్‌తో దులిపినా రాలుతుంది. చైన్ ఒక్కటి తుడిచి లూబ్ వేసి హాయిగా పడుకోండి. మామూలు డబ్ల్యూడీ-40 స్ప్రే తడిని తరమడానికి బాగుంటుంది, చైన్ లూబ్‌గా నిలవదు. సిలికాన్ స్ప్రే డౌన్‌ట్యూబ్ (ఫ్రేమ్‌లో ముందు నుంచి పెడళ్ల దాకా దిగే గొట్టం) కింద కొడితే బురద తక్కువ అంటుకుంటుంది, కానీ తుంపర రోటర్ (బ్రేకు పట్టుకునే డిస్క్) మీద పడిందా, బ్రేకులు గోవిందా. జిగట మట్టికి లావు టైరు మంచిదన్నది ఎవరు పుట్టించారో! ఫ్రేమ్‌కి టైరుకి మధ్య ఖాళీ పోయి చక్రమే తిరగదు. సన్నగా, నాబ్‌లు (టైరు మీది బుడిపెలు) దూరదూరంగా ఉన్నది వేయండి. చైన్ బురదతో బిగుసుకుంటే మాత్రం బలం పెట్టి తొక్కొద్దు, గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. దిగి ఓ పుల్లతో గీకండి.

ఆయన మొన్న మళ్లీ వచ్చారు, బ్రేక్ ప్యాడ్లు మార్చమని. తడి మట్టిలో రెసిన్ ప్యాడ్లు ఇట్టే అరిగిపోతాయి, ఈసారి మెటల్‌వి వేశాను. "సారీ అండీ, సరిగ్గా కడగలేదు" అన్నారు, చైన్‌స్టే (చైన్ పక్కనుండే ఫ్రేమ్ గొట్టం) మీద ఎండిన మట్టిని చూపిస్తూ. పెడల్ క్రాంక్ చేత్తో తిప్పి చూశాను. చప్పుడు లేదు.